అంతస్తు దాటిన ప్రేమ: విక్టోరియా కాలపు ఇంగ్లండులో అడ్డుపడిందెవరు?

విక్టోరియా రాణి ఏలిన కాలంలో (1837–1901) ఎర్ల్ అనే పెద్ద బిరుదున్న దొర కొడుకు తమ వంటింట్లో గిన్నెలు తోమే పిల్లను పెళ్ళాడకూడదని ఇంగ్లండులో ఏ చట్టమూ చెప్పలేదు. చర్చి కూడా చెప్పలేదు. ఇద్దరికీ అంతకుముందు పెళ్ళి కాకుండా ఉండి, దగ్గరి చుట్టరికం లేకపోతే, ఈడు వచ్చినవాళ్ళైతే, పాదిరి పెళ్ళి చేసి తీరాల్సిందే.

చట్టం నేరుగా అడ్డుపడ్డది ఒక్క రాజకుటుంబానికే. సింహాసనం మీద ఉన్నవారి అనుమతి లేని పెళ్ళి చెల్లదని 1772 నాటి చట్టం ఒకటి ఉంది. విక్టోరియా పినతండ్రి కొడుకు జార్జ్ 1847 జనవరిలో లూయిసా ఫెయిర్‌బ్రదర్ అనే నటిని లండన్‌లోని క్లెర్కెన్‌వెల్‌లో గుట్టుగా పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత కేంబ్రిడ్జి డ్యూక్ అయ్యాడు, ముప్పై తొమ్మిదేళ్ళు సైన్యాధిపతిగా పనిచేశాడు. ఆమె మాత్రం 1890లో చనిపోయేదాకా 'మిసెస్ ఫిట్జ్‌జార్జ్'గానే ఉండిపోయింది. కొడుకులకు డ్యూక్ బిరుదు దక్కలేదు.

మిగతా అందరికీ అడ్డుపడ్డవి కాగితాలు. ఆస్తి ఒప్పందం, పెళ్ళి నోటీసు, పనిమనిషికి యజమానురాలు రాసిచ్చే క్యారెక్టర్ అనే నడవడి పత్రం, మెజిస్ట్రేటు అడిగే రుజువు. దేనికది చూస్తే వీటిలో అంతస్తు ఊసే కనపడదు. కలిపి చూస్తే ఒక పెద్ద ఏర్పాటు బయటపడుతుంది. దొరబాబు పనిపిల్లతో సంబంధం పెట్టుకుంటే ఆ ఏర్పాటు చూసీ చూడనట్టు ఊరుకునేది. పెళ్ళి అనేసరికి కళ్ళెర్రజేసేది. కథల్లో ఈ తేడా సాధారణంగా కొట్టుకుపోతుంది, అందుకే 'నిషిద్ధ ప్రేమ' అన్న మాట దగ్గరే లెక్క తప్పుతుంది.

ఇరవై ఒకటో పుట్టినరోజు

పెద్ద భూస్వాముల ఇళ్ళలో తండ్రి చేతిలోని అసలు ఆయుధం వారసత్వ ఒప్పందం. ఎస్టేటు ఎవరి సొంతమూ కాదు. తండ్రికి బతికినన్నాళ్ళు అనుభవించే హక్కు ఉంటుంది, అమ్ముకునే హక్కు ఉండదు. అతని తర్వాత పెద్ద కొడుక్కి పూర్తి హక్కు రావాలి. అలా వస్తే వాడు అమ్మేసుకుంటాడేమోనని, వాడికి 21 నిండగానే తండ్రీ కొడుకులు కలిసి కొత్త ఒప్పందం రాసుకునేవారు. కొడుకు తన పూర్తి హక్కు వదులుకుని తానూ యావజ్జీవ అనుభవదారుగా మిగలడానికి ఒప్పుకుంటాడు. బదులుగా ఆ రోజు నుంచే ఏటా ఇంత అని చేతి ఖర్చుకు భత్యం వస్తుంది. చెల్లెళ్ళ కట్నాలకు, తమ్ముళ్ళ వాటాలకు, రాబోయే భార్య వైధవ్య భరణానికి ఎంతెంత భూమి మీద భారం వేయాలో కూడా అందులోనే ఉంటుంది.

ఈ లెక్కలో పనిమనిషి కోడలుగా వస్తే ఏమవుతుంది? ఆమె తెచ్చే కట్నం సున్నా. ఆ కట్నంతో తీరాల్సిన ఆడపడుచుల వాటాలు తీరవు. ఆమె తరఫున లాయరును పెట్టి భరణం రాయించే తండ్రి ఉండడు. భర్త పోతే అతని భూమిలో మూడో వంతు భార్యకు దక్కే పాత హక్కు ఉండేది గానీ, 1833 చట్టం వచ్చాక భర్త దాన్ని సులువుగా తప్పించగలిగేవాడు. అంటే కాగితం రాయించుకోని భార్య రేపు విధవైతే బిరుదు మిగులుతుంది, బియ్యం మిగలవు. కొడుకు మాట వినకపోతే తండ్రి ఇల్లు వదిలి పొమ్మని అరవనక్కర్లేదు. భత్యం ఆపేస్తే చాలు. భత్యం మీద అప్పులిచ్చిన వడ్డీ వ్యాపారులు మర్నాడే గుమ్మంలో ఉంటారు.

ఈ లెక్క వర్తించనిచోట అంతస్తు దాటడం ఎంత తేలికో చెప్పడానికి ససెక్స్‌లోని అప్‌పార్క్ ఎస్టేటు చాలు. సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా 1825లో, డెబ్బై దాటాక, తన పాలకొట్టంలో పనిచేసే ఇరవై ఏళ్ళ మేరీ ఆన్ బుల్లక్‌ను పెళ్ళాడాడు. మర్యాదలు నేర్చుకు రమ్మని ప్యారిస్ పంపించాడు. ఆస్తి అతని చేతిలోనే ఉంది, తండ్రి లేడు, కాచుకుని కూర్చున్న కొడుకు లేడు. 1846లో అతను పోయాక మొత్తం ఆమెకే వచ్చింది. 1874లో చనిపోయేదాకా ఆమే ఎస్టేటు యజమానురాలు.

గుట్టుకు ఎంతవుతుంది

పెళ్ళికి దారులు మూడు. అన్నిటికన్నా చవకైనది చర్చిలో ప్రకటన. ఇద్దరూ ఉండే ఊళ్ళలోని చర్చిల్లో మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. మన తెలుగు చర్చిల్లో ఇప్పటికీ నడిచే పద్ధతి ఇదే. 21 లోపు వాళ్ళ తల్లిదండ్రులు లేచి వద్దంటే ఆ ప్రకటన రద్దు. కాబట్టి పల్లెలో ఇది కుదరని పని. మొదటి ఆదివారమే కబురు దివాణానికి చేరుతుంది. తెలివైన జంటలు లండన్‌లో వేల కుటుంబాలున్న పేటకు వెళ్ళి గది అద్దెకు తీసుకుని, ఎవరూ వినని గుంపులో పేర్లు చదివించుకునేవారు.

రెండోది బిషప్ కార్యాలయమిచ్చే లైసెన్సు. ప్రకటన ఉండదు. ఇద్దరిలో ఒకరు ఆ పేటలో పదిహేను రోజులుగా ఉంటున్నట్టు, ఈడు వచ్చినట్టు ప్రమాణం చేసి, రుసుము కడితే సరి. ఏడాదికి పది పౌండ్ల జీతగత్తెకు ఆ రుసుమే పెద్ద మొత్తం.

మూడోది 1837 జులైలో మొదలైన రిజిస్ట్రారు పెళ్ళి. ఇందులో ఉన్నవాడికో దారి, లేనివాడికో దారి. మామూలు నోటీసైతే 21 రోజులు ఆగాలి, పైగా 1856 దాకా ఆ నోటీసును పేదల సంరక్షణ బోర్డు సమావేశంలో వారానికోసారి చొప్పున మూడుసార్లు పైకి చదివేవారు. పేదలను ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లు నడిపే పెద్దమనుషుల ముందు కూలివాడి పెళ్ళి ముచ్చట్లన్నమాట. అదనంగా డబ్బు కట్టి లైసెన్సు తీసుకుంటే అలా మూడుసార్లు చదివించుకోనక్కర్లేదు, 1856 తర్వాతైతే ఒక్క రోజు ఆగితే చాలు.

స్కాట్లాండ్ సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్‌కు పారిపోవడం అందరికీ తెలిసిన కథే. ఇద్దరు సాక్షుల ముందు 'మేం భార్యాభర్తలం' అంటే అక్కడ పెళ్ళయినట్టే. ఒకరైనా 21 రోజులు స్కాట్లాండ్‌లో ఉండి తీరాలని 1856లో చట్టం తెచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఇంటివాళ్ళు వెతికి పట్టుకోవడానికి మూడు వారాలు బోలెడు సమయం.

నోటీసు, గడువు, అభ్యంతరం అనే ఈ వరస మనకు కొత్త కాదు. భారతదేశానికి బ్రిటిష్ ప్రభుత్వం 1872లో తెచ్చిన ప్రత్యేక వివాహ చట్టంలోకి, అక్కడి నుంచి 1954 చట్టంలోకి అది వచ్చింది. ఇవాళ గుంటూరులోనో వరంగల్‌లోనో ఆ చట్టం కింద కులాంతర వివాహం రిజిస్టరు చేయించుకునే జంట ఎదురుచూసే 30 రోజుల నోటీసు గడువుకు మూలం ఈ ఏర్పాటే.

ఏడాదికి పన్నెండు పౌండ్లు

ఇప్పుడు మేడ కింది అంతస్తుకు వద్దాం. 1851 నుంచి ఇంగ్లండులో ఆడవాళ్ళు ఎక్కువమంది చేసిన పని ఇళ్ళలో నౌకరీయే. శతాబ్దం చివరికి వాళ్ళు పది లక్షలు దాటారు. 1861లో ఇసబెల్లా బీటన్ గృహిణుల కోసం అచ్చేసిన పట్టిక ప్రకారం ఇంటెడు పనీ ఒంటిచేత్తో చేసే పనిపిల్లకు ఏడాదికి 9 నుంచి 14 పౌండ్లు. తిండీ పడకా అక్కడే. కాబట్టి పని పోయిందంటే జీతంతో పాటు గూడూ పోయినట్టే.

ఉద్యోగ ప్రకటనల్లో 'వెంటపడేవాళ్ళు ఉండకూడదు' అన్న షరతు మామూలు. పోలీసు కానిస్టేబులో కసాయి కొట్టు కుర్రాడో వంటింటి తలుపు దగ్గర కనపడినా ఉద్వాసనే. విచిత్రమేమంటే ఈ షరతు ఆమెను తన అంతస్తువాళ్ళ నుంచే దూరం పెట్టింది. ఆ ఇంట్లో రోజూ ఎదురుపడే మగవాళ్ళు ఇంకెవరు? యజమాని, అతని కొడుకులు, సెలవులకు వచ్చే వాళ్ళ స్నేహితులు, తోటి నౌకర్లు.

మామూలుగా పని మాన్పించాలంటే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. గర్భం బయటపడితే అదేం అక్కర్లేదు, ఆ పూటే పంపేయవచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ క్యారెక్టర్. కొత్త యజమానురాలు పాత యజమానురాలిని అడిగి తెలుసుకునే ఆ మాట లేకపోతే మంచి ఇంట్లో పని దొరకదు. దాన్ని ఇచ్చి తీరాలని యజమాని మీద చట్టబద్ధమైన బాధ్యత లేదు. ఇవ్వకుండా ఊరుకుంటే ఆమె దావా వేసే వీలు లేదు.

బిడ్డ పుడితే? 1834 నాటి పేదల చట్టం పెళ్ళికాని తల్లి బిడ్డ భారమంతా తల్లి మీదే వేసింది. గగ్గోలు పుట్టాక 1844లో సవరించి, తల్లి స్వయంగా మెజిస్ట్రేట్ల ముందుకు వెళ్ళి తండ్రి నుంచి మనోవర్తి అడగొచ్చన్నారు. గరిష్ఠం వారానికి రెండున్నర షిల్లింగులు, అంటే ఏడాదికి ఆరున్నర పౌండ్లు. 1872లో దాన్ని అయిదు షిల్లింగులు చేశారు. తండ్రి లక్షాధికారైనా, గుర్రాలశాల కుర్రాడైనా పైకప్పు ఒకటే. అతని అంతస్తును బట్టి పెంచే వీలే లేదు.

వ్యవహారం చెడేది రుజువు దగ్గర. ఆమె మాట ఒక్కటీ చాలదు, దాన్ని బలపరిచే ఆధారం ఇంకోటి కావాలి: అతని చేతిరాత, అతను పంపిన డబ్బుకు గుర్తు, కళ్ళారా చూసిన సాక్షి. బిడ్డ పుట్టిన ఏడాదిలోపే అడగాలి, ఈలోపు అతను డబ్బిచ్చి ఉంటే తప్ప. ఇంకేముంది, ఉత్తరం ముక్క రాయకుండా, చేతికి నాణేలు మాత్రమే ఇచ్చి, అదీ సాక్షుల్లేకుండా ఇచ్చిన పెద్దమనిషి హాయిగా బయటపడేవాడు. ఈ చిట్కా వాళ్ళ లాయర్లకు బాగా తెలుసు.

లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ ఇంకో దారి. అది 1739లో మొదలైన అనాథ శరణాలయం. పంతొమ్మిదో శతాబ్దంలో బిడ్డను తీసుకోవడానికి అక్కడి కమిటీ పెట్టిన షరతులు చూడండి. తల్లికి ఇది మొదటి బిడ్డే అయివుండాలి. అంతకుముందు ఆమె నడవడి మచ్చలేనిదై ఉండాలి. తండ్రి వదిలేసి పోయుండాలి. బిడ్డకు ఏడాది నిండకూడదు. ఆమె స్వయంగా కమిటీ ముందు నిలబడి అతన్ని ఎక్కడ కలిసిందీ, పెళ్ళి చేసుకుంటానన్నాడా లేదా, ఈ సంగతి ఎవరెవరికి తెలుసో చెప్పాలి. తర్వాత ఆ చెప్పినవి నిజమో కాదో విచారిస్తారు. అర్జీలు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది పనిమనుషులే. ఒప్పుకుంటే బిడ్డకు కొత్త పేరు పెట్టి, తల్లికి రసీదు ఇచ్చేవారు. ఆమె తిరిగి పనిలో చేరవచ్చు. పోయిన క్యారెక్టర్‌ను మళ్ళీ చేతికివ్వడమే ఆ సంస్థ చేసిన అసలు మేలు.

ఉత్తరాలు ఉంటే పదివేలు

కాస్త చదువూ, కాస్త దన్నూ ఉన్న అమ్మాయికి మాత్రం ఒక ఆయుధం ఉండేది: పెళ్ళాడతానని మాట తప్పినందుకు నష్టపరిహారపు దావా. 1840లో పెన్నీ తపాలా వచ్చి ఉత్తరం చవకయ్యాక ప్రేమికులు తెగ రాసుకున్నారు, ఆ కట్టలే తర్వాత కోర్టులో చదివారు. 1869 దాకా వాది, ప్రతివాది ఇద్దరికీ బోనెక్కి సాక్ష్యం చెప్పే హక్కే లేదు. ఆ ఏడాది హక్కు ఇచ్చి, వాది మాటకు వేరే ఆధారం ఉండి తీరాలని మెలిక పెట్టారు.

వీటిలో పేరు మోసింది 1884 నాటి గార్మోయిల్ కేసు. మే ఫోర్టెస్క్యూ బొగ్గుల వ్యాపారి కూతురు, లండన్ సవాయ్ థియేటర్‌లో నటి. న్యాయవ్యవస్థకు పెద్ద అయిన లార్డ్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఎర్ల్ కెయిర్న్స్ కొడుకు వైకౌంట్ (ఎర్ల్ కన్నా ఒక మెట్టు కింది బిరుదు) గార్మోయిల్ ఆమెతో నిశ్చితార్థం చేసుకుని, నాటకాలామె అన్న కారణంతో తప్పుకున్నాడు. ఆమెకు దక్కిన పరిహారం 10,000 పౌండ్లు. పన్నెండు పౌండ్ల పనిపిల్లకు అది ఎనిమిది వందల ఏళ్ళ జీతం. ఆ డబ్బుతో మే సొంత నాటక కంపెనీ పెట్టుకుంది. పనిపిల్లలు ఈ గుమ్మం తొక్కడం తక్కువ. లాయరు ఖర్చు ఒకటి, అసలు కారణం మాత్రం ఉత్తరాలు లేకపోవడం. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు ఉత్తరాలెందుకు రాసుకుంటారు?

పెళ్ళి అయ్యాక విడదీయాలనుకుంటే ఏం చేసేవారో బెల్ బిల్టన్ కథ చూపిస్తుంది. ఆమె మ్యూజిక్ హాల్ గాయని. వైకౌంట్ డన్లో ఆమెను 1889 జులైలో హాంప్‌స్టెడ్ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళాడాడు, 21 ఇంకా నిండలేదు. తల్లిదండ్రుల ఒప్పుదల లేదన్నంత మాత్రాన జరిగిపోయిన పెళ్ళి చెల్లకుండా పోదు. తండ్రి ఎర్ల్ ఆఫ్ క్లాన్‌కార్టీకి అది తెలుసు, అందుకే వేరే దారి ఎంచుకున్నాడు. కొడుకును వెంటనే ఆస్ట్రేలియా ఓడెక్కించాడు, కోడలి వెనక డిటెక్టివులను పెట్టాడు, వ్యభిచారం అంటగట్టి కొడుకు పేరున విడాకుల దావా నడిపించాడు. 1890 జులైలో విచారణ. బోనులో డన్లో తడబడ్డాడు, భార్య తప్పు చేసిందని తాను నమ్మడం లేదని తేలిపోయింది. జ్యూరీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. మరుసటి ఏడాది మామగారు పోవడంతో బెల్ ఐర్లండ్‌లో కౌంటెస్ (ఎర్ల్ భార్య) ఆఫ్ క్లాన్‌కార్టీ అయింది.

హన్నా చేతులు

ఈ మొత్తం ఏర్పాటును తమ పద్ధతిలో తప్పించుకున్న జంట ఒకటుంది. ఆర్థర్ మన్బీ (1828–1910) యార్క్ లాయరు కొడుకు, కవి, చర్చి ఆస్తులు చూసే ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. హన్నా కల్విక్ (1833–1909) ష్రాప్‌షైర్ పల్లెపిల్ల, ఎనిమిదేళ్ళకే పనిలో చేరింది. 1854లో లండన్ వీధిలో కలిశారు. పెళ్ళి 1873 జనవరిలో, లైసెన్సు మీద, క్లెర్కెన్‌వెల్‌లోనే. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. ఇద్దరూ డైరీలు రాశారు కాబట్టి మనకింత తెలుసు. హన్నా తన డైరీని అతను అడిగినందుకే రాసింది: ఎన్ని జతల బూట్లు తుడిచింది, ఏ చలిపొయ్యి గ్రేటు మెరిపించింది, ఎప్పుడు మసి కడుక్కుంది.

ఆమె మెడలో తాళం వేసిన గొలుసు ఉండేది, తాళంచెవి అతని దగ్గర. మణికట్టుకు తోలు పట్టీ. దీన్ని చూసి ఇది దోపిడీ అని ఒకరంటారు, ఆట అని ఇంకొకరంటారు. డైరీలు చదివితే రెండూ సరిపోవు. పెళ్ళి ప్రస్తావన ఆమెకు సంతోషం కలిగించలేదు, లైసెన్సు కాగితం ఆమెకు బంధనంలా తోచింది. అందులో అర్థం ఉంది. 1873లో పెళ్ళయిన ఆడదానికి తన సంపాదన మీద హక్కు వచ్చి మూడేళ్ళే. ఆస్తి మీద పూర్తి హక్కు రావడానికి 1882 దాకా ఆగాలి. పనిమనిషిగా ఆమె జీతం ఆమెది, నచ్చకపోతే మానేసే స్వేచ్ఛ ఆమెది. దొరసాని అయితే రెండూ పోతాయి.

పెళ్ళయ్యాక లండన్‌లో టెంపుల్ అనే లాయర్ల పేటలో, ఫిగ్ ట్రీ కోర్టు అనే భవనాల సముదాయంలో, అతని గదుల కింది వంటింట్లో ఆమె కాపురం. అతిథులొస్తే వడ్డించేది ఆమే, వాళ్ళ కంటికి ఆమె పనిమనిషి. ఫ్రాన్సు వెళ్ళినప్పుడు మాత్రం టోపీ, చేతితొడుగులతో దొరసానిలా తిరిగింది. ఆ చేతితొడుగులంటే ఆమెకు చిరాకు. వాటి అవసరం ఏమిటంటే, కడిగే సోడాలోనూ చన్నీళ్ళలోనూ నాని ఎర్రగా బరుసెక్కిన చేతులను చూడగానే ఎవరు ఏ అంతస్తో పోల్చుకునే కాలమది. యాస, నడక కొంత నేర్పించవచ్చు. చేతులను మాత్రం దాచాల్సిందే. మన్బీకి ఆ చేతులే ఇష్టం, ఫొటోలు తీయించి దాచుకున్నాడు. నాలుగేళ్ళకు, 1877లో, హన్నా తన ఊరివైపు వెళ్ళిపోయింది. అతను చివరిదాకా వెళ్ళి చూసి వస్తూనే ఉన్నాడు.

'నౌకరు' అన్న ముసుగు ఎంత పనికొచ్చిందో మగవాళ్ళ మధ్య ప్రేమల్లోనూ కనిపిస్తుంది. 1885 చట్టం వాటికి రెండేళ్ళ కఠిన శిక్ష పెట్టింది. 1895లో నాటక రచయిత ఆస్కార్ వైల్డ్‌ను బోనులో ప్రశ్నించిన లాయరు కార్సన్ పదేపదే తవ్వింది అంతస్తునే: గుర్రాలశాల పనివాడితో, వ్యాలేతో (దొరల సొంత నౌకరుతో) మీకు విందులేమిటి, వెండి సిగరెట్ డబ్బాల బహుమతులేమిటి అని. ఆ కాలంలోనే రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్, షెఫీల్డ్ మురికివాడ నుంచి వచ్చిన జార్జ్ మెరిల్ 1898 నుంచి డెర్బీషైర్‌లోని మిల్‌థార్ప్‌లో ఒకే ఇంట్లో ఉన్నారు. వంటా ఇంటిపనీ మెరిల్‌వి. లోకానికి అతను పనివాడు.

కిందికి దిగిన దొరసానులు

చట్టం ప్రకారం భార్య అంతస్తు భర్తదే. పనిపిల్ల ఎర్ల్‌ను కట్టుకుంటే కౌంటెస్ అవుతుంది. దొరసాని కిందివాడిని కట్టుకుంటే మాత్రం అతన్ని పైకి లాగే వీలు లేదు, లోకం దృష్టిలో తానే దిగిపోతుంది. లేడీ షార్లెట్ గెస్ట్ రెండుసార్లు దిగింది. ఎర్ల్ ఆఫ్ లిండ్సే కూతురు ఆమె. 1833లో వేల్స్‌లోని డౌలైస్ ఇనుప కర్మాగారం యజమాని జాన్ గెస్ట్‌ను పెళ్ళాడింది. వ్యాపారమా అని బంధువర్గం ముక్కు విరిచింది. 1852లో అతను పోయాక కర్మాగారాన్ని తానే నడిపింది. 1855లో కొడుకు ట్యూటర్, తనకన్నా పద్నాలుగేళ్ళు చిన్నవాడైన చార్లెస్ ష్రైబర్‌ను చేసుకుంది. దానితో కర్మాగారం మీద అజమాయిషీ వదులుకోవాల్సి వచ్చింది. ట్యూటర్ పెద్ద చదువులు చదివినవాడే, అయినా జీతం తీసుకునేవాడు కదా.

1870ల చివర్లో అమెరికా గోధుమలు వచ్చిపడి భూమి కౌళ్ళు తగ్గాక ఈ లెక్కలన్నీ కదిలిపోయాయి. కట్నం తెచ్చేదైతే వ్యాపారి కూతురు, అదీ సముద్రం అవతలిదైనా, చర్చి నిండా జనంతో పెళ్ళి జరిగేది. 1895 నవంబరులో తొమ్మిదో మార్ల్‌బరో డ్యూక్‌కు, న్యూయార్క్ రైల్వే కుబేరుల ఇంటి పిల్ల కాన్సువెలో వాండర్‌బిల్ట్‌కు పెళ్ళయింది. డ్యూక్‌కు ముట్టింది 25 లక్షల డాలర్ల రైల్వే షేర్లు. అప్పటికే ఆమె మనసు పడ్డది విన్‌త్రాప్ రదర్‌ఫర్డ్ అనే అమెరికావాడి మీద. అతను ఆమె అంతస్తువాడే, కాకపోతే బిరుదు లేదు. విడాకులు 1921లో అయ్యాయి. ఆ పెళ్ళి అసలు చెల్లదని చర్చి చేత తేల్పించడానికి 1926లో తల్లి ఆల్వా స్వయంగా ముందుకొచ్చి, కూతురిని తానే బలవంతపెట్టానని సాక్ష్యమిచ్చింది.